“ఆ మందు నాకు పడలేదు”: ఫార్మకోవిజిలెన్స్ ఉద్యోగానికి ముందు నేర్చుకోవాల్సినవి

మన ఇళ్ళలో ప్రతి ఒక్కరికీ పడని మందు ఒకటి ఉంటుంది. “ఆ టాబ్లెట్ నాకు పడదమ్మా” అంటుంది పక్కింటి పిన్ని. పడకపోవడం అంటే ఏమిటి? ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయా, కడుపులో మండిందా, కళ్ళు తిరిగాయా, లేక మందు అసలు పనే చేయలేదా? ఇంకో రెండు ప్రశ్నలు అడిగితేగాని తెలియదు. ఆ ప్రశ్నలు అడగడం, వచ్చిన జవాబును మార్చకుండా రాయడం, గడువులోగా చేరాల్సిన చోటికి చేర్చడం. ఫార్మకోవిజిలెన్స్ అనే పెద్ద పేరు వెనక ఉన్న రోజువారీ పని ఇదే.

నేను బీఫార్మసీ చదివి హైదరాబాద్‌లో ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళ కేసులు సరిచూడటం కూడా నా పనే. నెలల తరబడి కోర్సు చేసి, నిర్వచనాలన్నీ కంఠస్థం పట్టి వచ్చిన పిల్లలు కూడా మొదటి వారంలోనే తడబడతారు. ఎక్కడంటే, ఎదుట ఉన్న కాగితాన్ని ఓపికగా చదవడంలో. అందుకే ఇక్కడ సాఫ్ట్‌వేర్ గురించి తక్కువ, చదవడం గురించి ఎక్కువ చెబుతాను.

మొదటి మెట్టు: ఆ సీట్లో కూర్చుంటే చేసే పని ఏమిటో చూడండి

ఒక మందు మార్కెట్లోకి రాకముందు దాన్ని మామూలుగా కొన్ని వేల మంది మీద పరీక్షిస్తారు. పది వేల మందిలో ఒకరికి వచ్చే ఇబ్బంది అక్కడ బయటపడకపోవచ్చు. లక్షల మంది వాడటం మొదలుపెట్టాకే కనిపిస్తుంది. గర్భిణులకు వేవిళ్ళు తగ్గుతాయని ఇచ్చిన థాలిడోమైడ్ వల్ల వేలమంది పిల్లలు సరిగా ఎదగని కాళ్ళూచేతులతో పుట్టారు. 1961లో ఆ సంగతి బయటపడ్డాక గాని ప్రపంచం కళ్ళు తెరవలేదు. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాల మధ్య మందుల నిఘా కార్యక్రమం మొదలుపెట్టింది. మన దేశంలో ఇప్పుడున్న కార్యక్రమం, ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా (పీవీపీఐ), 2010లో ఢిల్లీ ఎయిమ్స్‌లో మొదలై మరుసటి ఏడాది ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌కి మారింది. 2023 చివర్లో మెఫెనమిక్ యాసిడ్ మీద వాళ్ళు ఒక హెచ్చరిక ఇచ్చారు. నెలసరి నొప్పికి మనవాళ్ళు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మందు అది. డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్రమైన అలర్జీ రియాక్షన్‌కి అది కారణం కావచ్చని గమనించమన్నారు. ఆ హెచ్చరిక వెనక ఉన్నవి ఎవరో డాక్టర్లూ నర్సులూ నింపి పంపిన ఫారాలే.

కంపెనీలో ఒక కేసు ప్రయాణం ఇలా ఉంటుంది. ఈమెయిల్, ఫోన్, మెడికల్ జర్నల్, క్లినికల్ ట్రయల్, ఏదో ఒక దారిలో సమాచారం వస్తుంది. ముందు ఒకరు దాన్ని తెరిచి ఇది కేసేనా, ఎంత తొందరది, ఇంతకుముందే వచ్చిందా అని చూస్తారు. తర్వాత డేటాబేస్‌లో ఎక్కించడం, కోడింగ్ (రోగి మాటకు ప్రామాణిక పదం వెతకడం), నేరేటివ్ (జరిగింది వరుసగా చెప్పే కథనం) రాయడం. ఆపైన క్యూసీ (తప్పులు సరిచూడటం), డాక్టర్ల మెడికల్ రివ్యూ, చివరికి ప్రభుత్వ సంస్థలకు పంపడం. కొత్తవాళ్ళకు దొరికేది ఎక్కువగా ఈ వరుసలో మొదటి సగం.

బీఫార్మసీ, ఎంఫార్మసీ, ఫార్మ్‌డీ వాళ్ళు ఎక్కువ. బీడీఎస్, ఆయుర్వేద, హోమియో, నర్సింగ్, లైఫ్ సైన్సెస్ చదివినవాళ్ళనూ చాలాచోట్ల తీసుకుంటారు. మెడికల్ రివ్యూకి ఎంబీబీఎస్ లాంటి డిగ్రీ అడుగుతారు. రోజంతా కూర్చునే పని. రోజుకి ఇన్ని కేసులని టార్గెట్ ఉంటుంది, కొన్ని ప్రాజెక్టుల్లో షిఫ్టులు ఉంటాయి. ల్యాబ్‌లో తెల్ల కోటు వేసుకుని తిరగాలన్న ఆశ ఉంటే ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఇక్కడ అది తీరదు.

రెండో మెట్టు: నాలుగు ముక్కలు, ఒక గడియారం

వచ్చిన సమాచారం లెక్కలోకి వచ్చే కేసు కావాలంటే నాలుగు ఉండాలి: గుర్తించగల రోగి, గుర్తించగల రిపోర్టర్, అనుమానిస్తున్న మందు, జరిగిన ఇబ్బంది. రోగి పేరే ఉండాలని లేదు. వయసు, ఆడా మగా, పొడి అక్షరాలు, వీటిలో ఏదో ఒకటి చాలు. “మా ఊళ్ళో ఈ మందు వేసుకుని చాలామందికి వాంతులయ్యాయట” అంటే ఇబ్బంది ఉంది, మందు ఉంది, చెప్పినాయన ఉన్నాడు. రోగి ఎవరో లేరు. అలాగని దాన్ని చెత్తబుట్టలో వేయరు. రికార్డు చేసి, ఆ నాలుగోది కోసం మళ్ళీ అడుగుతారు.

ఈ నాలుగూ కంపెనీకి అందిన రోజును డే జీరో అంటారు. గడువుల గడియారం అప్పటినుంచే తిరుగుతుంది. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. కరీంనగర్‌లో ఒక మెడికల్ రెప్ శుక్రవారం సాయంత్రం డాక్టర్ క్యాబిన్‌లో విషయం విన్నాడు, సోమవారం పొద్దున సేఫ్టీ టీమ్‌కి మెయిల్ పెట్టాడు అనుకోండి. డే జీరో ఏది? శుక్రవారం. రెప్ కంపెనీ మనిషి, అతనికి తెలిస్తే కంపెనీకి తెలిసినట్టే. సీరియస్ కేసు అయితే చాలా దేశాల్లో 15 రోజుల్లో పంపాలి, అదీ క్యాలెండర్ రోజుల లెక్కన. సంక్రాంతి సెలవులు, ఆదివారాలు ఏవీ మినహాయింపు కావు. క్లినికల్ ట్రయల్‌లో ముందెన్నడూ అనుకోని రియాక్షన్ వచ్చి, ప్రాణం పోయినా ప్రాణాపాయం వచ్చినా 7 రోజులే.

ఇంకో సంగతి. రిపోర్టు కావడానికి దుష్ప్రభావమే జరగాలని లేదు. గర్భిణి మందు వేసుకుంది, ఏమీ కాలేదు. అదీ నమోదు చేయాలి. మోతాదు ఎక్కువైంది, ఒక మందు బదులు ఇంకోటి ఇచ్చారు, మందు పని చేయలేదు, ఇవన్నీ ఈ గేటు గుండానే లోపలికి వస్తాయి.

మూడో మెట్టు: ‘సీరియస్’ అనే మాటను మర్చిపోయి మళ్ళీ నేర్చుకోండి

తెలుగులో “పేషెంట్ సీరియస్‌గా ఉన్నాడు” అంటే ఐసీయూలో ఉన్నాడని. ఈ వృత్తిలో సీరియస్ అంటే ఆరు తలుపుల్లో ఏదో ఒకటి తట్టి ఉండాలి: మరణం, ప్రాణాపాయం, ఆసుపత్రిలో చేరడం లేదా అక్కడ ఉండాల్సిన రోజులు పెరగడం, శాశ్వతమైన లేదా చెప్పుకోదగ్గ వైకల్యం, పుట్టుకతో లోపం, లేదా వీటి దాకా రాకపోయినా డాక్టర్ దృష్టిలో వైద్యపరంగా ముఖ్యమైనది. తీవ్రత వేరు. తల పగిలిపోయేంత నొప్పి వచ్చి, ఇంట్లోనే పడుకుని తగ్గితే అది తీవ్రమైనది, కానీ సీరియస్ కాదు. చిన్న గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో చేరితే తీవ్రత తక్కువే కావచ్చు, కానీ సీరియస్.

మన ప్రాంతపు రిపోర్టుల్లో తరచూ వచ్చే వాక్యం ఒకటి: “హాస్పిటల్‌కి తీసుకెళ్తే గ్లూకోజ్ ఎక్కించి పంపించారు.” ఇది ఆసుపత్రిలో చేరడమా? కుర్చీలో కూర్చోబెట్టి సెలైన్ ఎక్కించి రెండు గంటల్లో ఇంటికి పంపితే చేరినట్టు కాదు. అడ్మిట్ చేశారా, కేస్ షీట్ రాశారా, రాత్రి ఉంచారా అని అడగాలి. అలాగే ముందే తేదీ తీసుకున్న శుక్లాల ఆపరేషన్‌కి చేరితే, ఆ చేరికకూ మందుకూ సంబంధం లేదు. ఆసుపత్రి అన్న మాట కనపడగానే బాక్స్ టిక్ పెట్టేవాళ్ళని రోజూ చూస్తాను.

నాలుగో మెట్టు: పుస్తకాల్లో ఏది తిరగేయాలి

మొత్తం ఫార్మకాలజీ మళ్ళీ చదవాలనుకుంటే నెల తర్వాత కూడా మొదటి అధ్యాయంలోనే ఉంటారు. మందుల తరగతులు పట్టుకోండి. బీపీ, షుగర్, నొప్పి, యాంటీబయాటిక్స్, ఫిట్స్, మానసిక వైద్యం, రక్తం పలచబడేవి, క్యాన్సర్‌లో ఇమ్యునోథెరపీ. ఒక్కో తరగతికి మూడు విషయాలు: ఎందుకిస్తారు, ఎలా పని చేస్తుంది, ఏ ఇబ్బంది దాని సంతకం లాంటిది. రామిప్రిల్, ఎనలాప్రిల్ అంటే పొడి దగ్గు. ఆమ్లోడిపిన్ అంటే పాదాల వాపు. స్టాటిన్స్ అంటే కండరాల నొప్పి. కార్బమాజెపిన్ అంటే చర్మం ఊడిపోయే స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ గుర్తుకు రావాలి.

ల్యాబ్ రిపోర్టు చూసి భయపడకూడదు. లివర్‌కి ఏఎల్‌టీ, ఏఎస్‌టీ, బిలిరుబిన్. కిడ్నీకి క్రియాటినిన్. రక్తంలో హిమోగ్లోబిన్, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు. మామూలు విలువలు, వాటి యూనిట్లు తెలియాలి. ఏఎల్‌టీ మామూలు పరిమితికి మూడు రెట్లు దాటి, దాంతోపాటు బిలిరుబిన్ కూడా రెండు రెట్లు దాటితే, దానికి వేరే కారణం కనపడకపోతే, ఆ కేసును పక్క సీటులోని సీనియర్‌కి వెంటనే చూపించండి. మందు వల్ల లివర్ దెబ్బతినే సూచన అది.

డాక్టర్ల పొట్టి అక్షరాలు కూడా. ఓడీ రోజుకి ఒకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, హెచ్ఎస్ పడుకునే ముందు. మెడికల్ షాపులో పార్ట్ టైమ్ చేసినవాళ్ళకు ఈ మెట్టు ఎక్కడం తేలిక. ఆ అనుభవాన్ని రెజ్యూమేలో సిగ్గుపడకుండా రాయండి.

ఐదో మెట్టు: ఒక ఫోన్ కాల్‌ని చదవడం

ఇక్కడ కాసేపు ఆగుదాం. ట్రైనింగ్‌లో నేను వాడే కల్పిత కాల్ ఇది. కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఒకబ్బాయి ఫోన్ చేశాడు.

“సార్, మా అమ్మకి 58. నెల కింద బీపీ మాత్ర మార్చారు, రామిప్రిల్ 5. వేసుకున్న పది రోజులకి పొడి దగ్గు పట్టుకుంది. రాత్రిళ్ళు నిద్ర లేదు. మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టర్ సిరప్ ఇచ్చాడు, తగ్గలేదు. మొన్న టౌన్‌లో పెద్ద డాక్టర్‌కి చూపిస్తే ఆ మాత్ర ఆపేసి టెల్మిసార్టాన్ రాశారు. ఇప్పుడు ఫర్వాలేదు.”

నాలుగు ముక్కలూ ఉన్నాయి. 58 ఏళ్ళ ఆవిడ, కొడుకు, రామిప్రిల్, దగ్గు. ఆసుపత్రిలో చేరలేదు కాబట్టి సీరియస్ కాదనే చెప్పాలి. కొత్తవాళ్ళు ఇక్కడికి రెండు నిమిషాల్లో వచ్చేస్తారు, వచ్చి రాయడం మొదలుపెడతారు. మళ్ళీ చదవండి.

“రామిప్రిల్ 5.” ఐదు ఏమిటి? మిల్లీగ్రాములే అయ్యుంటుంది. ‘అయ్యుంటుంది’ అన్నది మన మాట, ఆ అబ్బాయి మాట కాదు. రోజుకి ఎన్నిసార్లో చెప్పలేదు. “మొన్న” అంటే నిన్నటికి ముందు రోజా, లేక మనవాళ్ళు మామూలుగా అనే ‘ఈమధ్య’నా? ఇది చిన్న విషయం కాదు. ఈ మందుతో వచ్చే దగ్గు, మందు ఆపిన మరునాడే పోదు, సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాలు పడుతుంది. నిజంగా రెండు రోజుల క్రితమే ఆపి ఇప్పటికే పూర్తిగా తగ్గిందంటే ఇంకోసారి ఆలోచించాలి. “ఫర్వాలేదు” అంటే పూర్తిగా పోయిందా, తగ్గుముఖం పట్టిందా? డేటాబేస్‌లో ఈ రెంటికీ వేర్వేరు గడులు. “నిద్ర లేదు” దగ్గు వల్లనా, అదో వేరే ఇబ్బందా? సిరప్ పేరేమిటి? షుగర్ ఉందా? ఇంకేం మందులు వాడుతోంది? మాత్ర ఏ కంపెనీది, బ్యాచ్ నంబర్ స్ట్రిప్ మీద ఇంకా ఉందా? పెద్ద డాక్టర్‌తో మాట్లాడటానికి అనుమతిస్తారా?

ఇవి కాగితం మీద రాసుకుంటే ఫాలోఅప్ ప్రశ్నలు తయారైనట్టే. ఆ అబ్బాయి ఓపిక మనకి అప్పుగా దొరికింది, దాన్ని వృథా చేయకూడదు. ముఖ్యమైన ఐదారు ఎంచుకుని మిగతావి వదిలేయడం కూడా నేర్చుకోవాల్సిన పనే.

ఇప్పుడు నేరేటివ్. ఉద్యోగంలో ఇది ఇంగ్లీషులోనే రాస్తారు, వరుస మాత్రం ఇదే:

“రోగి కుమారుడు తెలిపిన ఈ సీరియస్ కాని కేసు 58 ఏళ్ళ మహిళకు సంబంధించినది. గత వైద్య చరిత్ర, ఇతర మందుల వివరాలు తెలియజేయలేదు. తేదీ తెలియని ఒక రోజున, సుమారు నెల క్రితం, రోగి రక్తపోటుకు రామిప్రిల్ 5 (యూనిట్ తెలియజేయలేదు) వాడటం మొదలుపెట్టారు. మొదలుపెట్టిన 10 రోజులకు పొడి దగ్గు వచ్చింది. రాత్రిళ్ళు నిద్ర లేదని కూడా తెలిపారు. పేరు తెలియని సిరప్ ఇచ్చినా తగ్గలేదు. తేదీ తెలియని ఒక రోజున రామిప్రిల్ ఆపి టెల్మిసార్టాన్ ఇచ్చారు. మందు ఆపాక దగ్గు మెరుగైనట్టు తెలిపారు.”

చప్పగా ఉంది కదూ? అలాగే ఉండాలి. ఇందులో ‘దురదృష్టవశాత్తూ’ లేదు, ‘రామిప్రిల్ వల్ల’ లేదు. ‘వల్ల’ అన్న ఒక్క ముక్క రాసినా రిపోర్టర్ చెప్పని తీర్పు మనం ఇచ్చినట్టు. తెలియనిది తెలియదని రాయడానికి మొహమాటపడకండి. తల్లి పేరు, ఊరి పేరు ఎక్కడా రాకూడదు. ఆ స్క్రీన్ ఫోటో తీసి స్నేహితుడికి వాట్సాప్‌లో పెట్టడం ఉద్యోగం పోయే తప్పు.

దగ్గు రామిప్రిల్ లేబుల్‌లో ఉన్నదే కదా, మళ్ళీ రాయడం ఎందుకని అడుగుతారు కొందరు. లేబుల్‌లో ఉంటే ‘ఊహించినది’ అవుతుంది, గడువు మారుతుంది. కేసు మాయం కాదు.

ఆరో మెట్టు: రోగి మాటకు కోడ్ వెతకడం

ప్రపంచమంతటా ఇబ్బందుల పేర్లు ఒకేలా ఉండటానికి మెడ్‌డ్రా అనే పదకోశం వాడతారు. ఐదు అంతస్తుల మేడ అనుకోండి. అడుగున రోగి మాటకు దగ్గరగా ఉండే పదాలు, పైన 27 అవయవ వ్యవస్థలు. ఏటా రెండుసార్లు, మార్చిలో సెప్టెంబరులో, కొత్త వెర్షన్ వస్తుంది. మన కేసులో ‘డ్రై కాఫ్’ అడుగు అంతస్తులో ఉంటుంది, దాని పైన ‘కాఫ్’, చిట్టచివర శ్వాసకోశ వ్యవస్థ. మందుల పేర్లకు హూడ్రగ్ అని వేరే నిఘంటువు ఉంది.

ఇక్కడ తెలుగు తెలిసినవాళ్ళకు ఒక లాభం, ఒక ప్రమాదం. “కళ్ళు తిరిగాయి” అంటే తల తేలిపోయినట్టు ఉండటమా, గది గిర్రున తిరిగినట్టు ఉండటమా, స్పృహ తప్పడమా? మెడ్‌డ్రాలో ఇవి మూడు వేర్వేరు పదాలు. మొదటిది డిజ్జీనెస్, నాడీ వ్యవస్థ కిందికి వస్తుంది. రెండోది వర్టిగో, చెవి విభాగంలో ఉంటుంది. మూడోది సింకోపీ. “నీరసం”, “గుండెల్లో గ్యాస్ పట్టేసింది”, “వేడి చేసింది”, వీటన్నిటికీ ఇదే గతి. వేడి చేసిందంటే నోటిపూతా, మూత్రంలో మంటా, కురుపులా? అడగకుండా కోడ్ వేస్తే అది మన ఊహ మాత్రమే.

ఇంకో నియమం: రోగ నిర్ధారణ జరిగి ఉంటే దాన్నే కోడ్ చేస్తారు, దాని లక్షణాలను విడివిడిగా కాదు. డాక్టర్ గుండెపోటని రాస్తే ఛాతీ నొప్పి, చెమటలు వేరేగా అక్కర్లేదు.

ఏడో మెట్టు: కారణం మందేనా?

దీనికి రెండు కొలబద్దలు తెలిస్తే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో ‘ఖాయం’ నుంచి ‘అంచనా వేయలేం’ దాకా ఆరు తరగతులు ఉంటాయి. 1981లో వచ్చిన నరాంజో స్కేలులో పది ప్రశ్నలు, జవాబులకు మార్కులు. 9 దాటినా 9 వచ్చినా ఖాయం, 5 నుంచి 8 బహుశా, 1 నుంచి 4 కావచ్చు, అంతకన్నా తక్కువైతే అనుమానమే.

మన రామిప్రిల్ కేసు వేసి చూద్దాం. ఈ ఇబ్బంది ఇంతకుముందు తెలిసినదే, 1. మందు మొదలుపెట్టాకే వచ్చింది, 2. ఆపితే మెరుగైంది, 1. దీన్నే పాజిటివ్ డీచాలెంజ్ అంటారు. మళ్ళీ ఇచ్చి చూడలేదు, సున్నా. ఇతర కారణాలు? తెలియదు, సున్నా. మొత్తం 4, అంటే ‘కావచ్చు’. ఇప్పుడు ఫాలోఅప్‌లో పెద్ద డాక్టర్‌తో మాట్లాడితే, ఎక్స్‌రే బాగుంది, ఆస్తమా లేదు, జలుబు లేదు, వేరే కారణమేదీ లేదన్నారు అనుకోండి. ఆ ఒక్క జవాబుకి 2 మార్కులు. మొత్తం 6, ‘బహుశా’. ఒక ప్రశ్న అడిగినందుకు కేసు ఒక తరగతి పైకి వెళ్ళింది. ఫాలోఅప్ కాల్స్‌ని క్లర్కు పనిగా చూసేవాళ్ళకు నేను ఈ లెక్కే వేసి చూపిస్తాను.

కొత్త ఉద్యోగి ఈ తీర్పు ఇవ్వడు, డాక్టర్లు ఇస్తారు. కానీ వాళ్ళకు ఏ సమాచారం కావాలో తెలియాలంటే లెక్క తెలియాలి.

నియమాలూ కంప్యూటరూ, క్లుప్తంగా

మందుల నియమాలు దేశాలన్నిటా ఒకేలా ఉండాలని పనిచేసే అంతర్జాతీయ మండలి ఐసీహెచ్. దాని మార్గదర్శకాల్లో ఈ2ఏ, ఈ2డీ చదవండి. ఒకటి ట్రయల్స్‌కి, ఇంకోటి మార్కెట్లో ఉన్న మందులకి. చిన్నవే, రెండు సాయంత్రాల పని. యూరప్ వాళ్ళ ఫార్మకోవిజిలెన్స్ మార్గదర్శకాలైన జీవీపీలో ఆరో మాడ్యూల్ పెద్దది, విషయసూచిక చూసి అవసరమైనవి చదివితే చాలు. మన దేశానికి 2019 న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్. ట్రయల్‌లో సీరియస్ ఘటన జరిగితే డాక్టర్ 24 గంటల్లో తెలియజేయాలన్నది అందులోదే.

ఆర్గస్ రాదని టెన్షన్ పడకండి. ఏ డేటాబేస్ అయినా, ఆర్గస్ కానీ వీవా వాల్ట్ సేఫ్టీ కానీ, లోపల ఉండే గడులు దాదాపు ఒకటే: రోగి, రిపోర్టర్, మందు, ఇబ్బంది, నేరేటివ్. బటన్ ఎక్కడుందో కంపెనీ వారంలో నేర్పిస్తుంది. ఎక్సెల్‌లో ఫిల్టర్, సార్ట్, వీలుకప్ రావాలి. టైపింగ్ వేగం కన్నా టైప్ చేసింది మళ్ళీ చూసుకునే అలవాటు ముఖ్యం.

నా అభిప్రాయం ఒకటి. ఉన్నది ఉన్నట్టు గడుల్లో నింపే పనిని సాఫ్ట్‌వేరే చేసేయడం మొదలైంది. రేపు మనిషికి మిగిలేది “మొన్న అంటే ఎప్పుడు?” అని అనుమానించే పని. కాబట్టి సాధన దాని మీద పెట్టండి.

ఇంట్లో కూర్చుని సాధన

పీవీపీఐ సైట్‌లో అనుమానిత రియాక్షన్ ఫారం డౌన్‌లోడ్ చేసుకోండి. మామూలు జనం నింపే ఫారం తెలుగులో కూడా ఉంది. ఇంట్లో ఎవరికైనా పడని మందు ఉంటే కూర్చోబెట్టి అడిగి నింపండి. నిజంగా పంపొచ్చు కూడా, 1800-180-3024 అనే టోల్ ఫ్రీ నంబర్ అందుకోసమే ఉంది. ఫార్మ్‌డీ వాళ్ళు తమ ఆసుపత్రిలో ఏడీఆర్ (మందుల దుష్ప్రభావాల) మానిటరింగ్ సెంటర్ ఉంటే అక్కడే తిరగాలి. వార్డులో కేస్ షీట్ చూసి నింపిన పది ఫారాలకు ఉన్న విలువ పది సర్టిఫికెట్లకు లేదు.

రెండో సాధన వైద్య పరిశోధన వ్యాసాలు వెతికే సైట్ పబ్‌మెడ్‌లో. మందు దుష్ప్రభావాల మీద ఉచితంగా దొరికే కేస్ రిపోర్టు ఒకటి తీయండి. ఒకసారి చదివి నాలుగు ముక్కలు, తేదీల వరుస, మందు ఆపారా, తగ్గిందా రాసుకోండి. తర్వాత పది వాక్యాల్లో ఇంగ్లీషులో నేరేటివ్ రాయండి. మరునాడు అసలు రిపోర్టు పక్కన పెట్టి, అందులో లేనిది మీరు ఏం కలిపారో ఎర్ర పెన్నుతో గీయండి. వారానికి మూడు చొప్పున రెండు నెలలు చేస్తే చేతిలో పాతిక నేరేటివ్‌లు ఉంటాయి. మీ ఇంగ్లీషు గురించి బెంగ ఉంటే దానికి మందు కూడా ఇదే. ఇక్కడ కావాల్సింది గొప్ప ఇంగ్లీషు కాదు. భూతకాలంలో, చిన్న వాక్యాల్లో, తప్పు లేకుండా రాస్తే చాలు.

స్వీడన్‌లోని ఉప్సలా మానిటరింగ్ సెంటర్ ఉచిత ఆన్‌లైన్ పాఠాలు పెడుతుంది. వాళ్ళదే విజియాక్సెస్ అనే సైట్‌లో ఏ మందు మీద ప్రపంచంలో ఎన్ని రిపోర్టులు వచ్చాయో చూడొచ్చు. అంకె పెద్దగా ఉందని ఆ మందు ప్రమాదకరం అనుకోకండి. ఎక్కువమంది వాడే మందుకు ఎక్కువ రిపోర్టులు వస్తాయి, అంతే.

ఉద్యోగం వెతికేటప్పుడు

డాక్టర్ రెడ్డీస్, హెటిరో లాంటి కంపెనీలు పుట్టిన ఊరు, నోవార్టిస్ లాంటి విదేశీ కంపెనీలు పెద్ద కేంద్రాలు పెట్టిన ఊరు హైదరాబాద్. కాబట్టి మనవాళ్ళకు అవకాశాలు దగ్గర్లోనే ఉన్నాయి. వాటి చుట్టూ దళారులూ ఉన్నారు. “కోర్సు ఫీజు కట్టండి, ప్లేస్‌మెంట్ గ్యారంటీ” అన్నవాళ్ళని, గత ఏడాది ఎవరు ఏ కంపెనీలో చేరారో వాళ్ళతో మాట్లాడించమని అడగండి. ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగానికి డబ్బు కట్టడం, లేని అనుభవానికి లెటర్లు కొనడం అసలు వద్దు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఉన్న ఉద్యోగమూ పోతుంది. డేటాలో నిజాయితీ మీద నిలబడే వృత్తిలో ఆ మచ్చ తేలికగా పోదు.

ఇంటర్వ్యూలో నిర్వచనాలు అడుగుతారు, అవి మీకు వచ్చు. నేను కూర్చుంటే మాత్రం ఒక పేజీ కేసు ఇచ్చి పది నిమిషాలు వదిలేస్తాను. జవాబుల కన్నా, ఇందులో ఏం లేదో చెప్పగలిగినవాళ్ళని చూస్తాను.

చేరాక మొదటి మూడు నెలలు క్యూసీ నుంచి వచ్చే ప్రతి తప్పునీ ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకోండి: ఏ గడి, ఏం రాశాను, ఏం ఉండాలి. నా షీట్‌లో సగానికి పైగా తేదీలే. మొదటి నెలలో అమెరికా నుంచి వచ్చిన ఒక కేసులో దద్దుర్లు వచ్చిన తేదీ 03/04 అని ఉంది. మన లెక్కన ఏప్రిల్ 3 అని ఎక్కించాను. వాళ్ళ లెక్కన అది మార్చి 4. మందు మొదలుపెట్టింది మార్చి 20న, అంటే దద్దుర్లు మందు కన్నా ముందే ఉన్నాయి. తమాషా ఏమిటంటే, అదే పేజీలో రెండు వరుసల పైన మందు తేదీ 03/20 అని ఉంది. దాన్ని నేనే సరిగ్గా మార్చి 20 అని రాశాను. ఇరవయ్యో నెల లేదు కాబట్టి అక్కడ ఆలోచించాను. కింద ఆలోచించలేదు.